పాత రోడ్డుకి కొత్త వరుస అతికేదెలా: నాలుగు వరుసల్ని ఆరు చేసే పనిలో నా అనుభవం

కొత్త రోడ్డు వేయడం కంటే నడుస్తున్న రోడ్డును వెడల్పు చేయడం కష్టం. ఈ పనిలో ఉన్నవాళ్ళెవర్ని అడిగినా ఇదే మాట చెబుతారు. కొత్త రోడ్డు మీద మట్టి, మిషన్లు, మనం తప్ప ఎవరూ ఉండరు. వెడల్పు పనిలో గ్రేడరుకి మీటరున్నర దూరంలో చేపల లారీ ఎనభై మీద పోతుంటుంది. కాళ్ళ కింద ఒకవైపు ఏళ్ళ తరబడి లారీలు తొక్కి గట్టిపడిన పాత కట్ట, రెండోవైపు నిన్న పోసిన మట్టి. కొత్త వరుస పోయడం పెద్ద విద్యేం కాదు. పాతదానికీ కొత్తదానికీ మధ్య అతుకు నిలబెట్టడమే విద్య. మట్టిలో ఒక అతుకు, నీరు పోయే పొరలో ఒకటి, తారులో ఒకటి, వంతెన స్లాబులో ఇంకొకటి. వెడల్పు చేసిన రోడ్డు ఎక్కడ పాడైందని వెళ్ళి చూసినా ఈ నాలుగింటిలో ఏదో ఒకటి విడిపోయి ఉంటుంది.

ఇక్కడ రాస్తున్నది ఎన్‌హెచ్‌-16 మీద, కృష్ణకి దక్షిణాన నల్లరేగడి నేలల్లో పని ఎలా సాగుతుందన్నది. మన పాత ఎన్‌హెచ్‌-5 ఇదే. ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపే స్వర్ణ చతుర్భుజి కింద నాలుగు వరుసలైంది. ఆ తర్వాత 2006లో జాతీయ రహదారుల అభివృద్ధి పథకం (ఎన్‌హెచ్‌డీపీ) ఐదో దశ కింద 6,500 కిలోమీటర్లు ఆరు వరుసలు చేయాలని కేంద్రం ఆమోదించింది. అందులో 5,700 కిలోమీటర్లు స్వర్ణ చతుర్భుజివే.

ముందు వాహనాల లెక్క. వారం రోజులు, రోజుకి 24 గంటలు, రకం రకంగా లెక్కపెట్టి అన్నిటినీ కారు కొలమానంలోకి మారుస్తాం. దాన్నే పీసీయూ అంటారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) 64వ నంబరు పుస్తకం ప్రకారం కారు 1, మోటారు సైకిల్ 0.5, బస్సు లేదా లారీ 3, ట్రాలీ తగిలించిన ట్రాక్టరు 4.5, ఎడ్లబండి ఏకంగా 8. బండి పెద్దదని కాదు, దాని వెనక ఎన్ని వాహనాలు నిలిచిపోతాయన్నది లెక్క. చదును నేలలో నాలుగు వరుసల రోడ్డు రోజుకి 40,000 పీసీయూల దాకా ఇబ్బంది లేకుండా మోస్తుందని ఐఆర్‌సీ అంచనా. అది దాటుతోందంటే వెడల్పు మాట మొదలవుతుంది. సంక్రాంతి వారంలో మాత్రం లెక్క పెట్టకూడదు, ఆ అంకెతో ఏ డిజైనూ కుదరదు. రోడ్డు వెంట పోయే వాహనాలతో పాటు అడ్డంగా దాటేవాటినీ లెక్కపెట్టాలి. ఏ ఊరి దగ్గర రోజుకి ఎన్ని ట్రాక్టర్లు, ఎన్ని గేదెల మందలు, ఎంతమంది బడి పిల్లలు దాటుతున్నారో తెలిస్తేనే అండర్‌పాస్ ఎక్కడ పెట్టాలో తేలుతుంది. చాలా డీపీఆర్‌లలో, అంటే ప్రాజెక్టు నివేదికల్లో, సరిగ్గా ఈ కాగితమే పలచగా ఉంటుంది.

భూసేకరణ గురించి ఎక్కువ రాయను. 1956 జాతీయ రహదారుల చట్టం కింద 3ఏ (భూమి తీసుకుంటామన్న నోటిఫికేషను), 3డీ (సేకరణ ప్రకటన), 3జీ (పరిహారం తేల్చడం) వరసగా నడుస్తాయి. 3ఏ ఇచ్చిన ఏడాదిలోపు 3డీ రాకపోతే మళ్ళీ మొదటికే. పరిహారం 2015 జనవరి 1 నుంచి 2013 భూసేకరణ చట్టం లెక్కన ఇస్తున్నారు. సైటులో పనిచేసేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. కోర్టులో చిక్కుకున్న 400 మీటర్ల ముక్క ఉంటే, దానికి అటూ ఇటూ ఆరు వరుసలు పూర్తిచేసి మధ్యలో నాలుగే వదిలేయడం రోడ్డును తెరిచినట్టు కాదు. మూడు వరుసల్లో వందతో వచ్చేవాడు రెండు వరుసల్లోకి ఇరుక్కునే చోటు అది. ఆ ముక్క తేలేదాకా దానికి ముందు అర కిలోమీటరు దూరం నుంచే మూడో వరుసను గీతలతో, బోర్డులతో మూసి ఉంచాలి.

తర్వాత స్తంభాలు, పైపులు, కేబుళ్ళు. 11 కేవీ, 33 కేవీ లైన్లు జరపడానికి డిస్కం ఎస్టిమేటు వేస్తుంది, డబ్బు కట్టాలి, లైను ఆపే రోజు ఇవ్వాలి. మిరప తోటలకు నీళ్ళు పెట్టే రోజుల్లో రైతులు లైను ఆపనివ్వరు, ఆపమని అడగడం కూడా తప్పే. ఓఎఫ్‌సీ (ఫైబర్) కేబుల్ డ్రాయింగులో మీటరు లోతుకి పైగా ఉంటుంది, నేలలో మాత్రం మోకాలి లోతులో దొరుకుతుంది. అందుకని జేసీబీ దిగే ముందు ప్రతి 50 మీటర్లకూ అడ్డంగా చేత్తో గుంట తవ్వించి చూడాలి. కూలీల ఖర్చు పోతుందనుకుంటే, తెగిన కేబుల్ అతికేదాకా ఆగే పని ఖర్చుతో పోల్చి చూసుకోండి.

ఇప్పుడు అసలు పని. పాత రోడ్డు ఒక్కో వైపు 7 మీటర్ల తారు, దాని పక్కన 1.5 మీటర్ల పేవ్డ్ షోల్డర్ (తారు వేసిన అంచు), ఆపైన మట్టి అంచు, అంటే బెర్మ్. ఆరు వరుసలంటే ఒక్కో వైపు 3.5 మీటర్ల చొప్పున మూడు వరుసలు, 10.5 మీటర్లు, దానికి షోల్డర్ అదనం. అంటే తారు వెడల్పు ఒక్కో పక్క 3.5 నుంచి 4 మీటర్లు పెరుగుతుంది. డివైడర్ వెడల్పుగా ఉంటే లోపలికి పెంచొచ్చు, భూమి అడగక్కర్లేదు. మన దగ్గర డివైడర్ 4.5 మీటర్లే కాబట్టి చాలాచోట్ల బయటికే పెంచాలి. ఒక పక్క ఊరు, రెండో పక్క కాలవ ఉన్నచోట మొత్తం వెడల్పును ఒకే పక్కకి తోస్తారు. కాగితం మీద బాగుంటుంది. కానీ అప్పుడు పాత డివైడర్ ఉన్న చోటు మీద చక్రాలు నడుస్తాయి, రోడ్డు వాలు తిరగబడుతుంది, దాన్ని సరిచేయడానికి కొన్నిచోట్ల తారే ఒకటిన్నర రెట్లు పడుతుంది. గత్యంతరం లేనప్పుడే ఆ దారి.

పని మొదట బెర్మ్ మీద గడ్డి, పైమట్టి తీసేయడంతో మొదలవుతుంది. వాలు మీద ఉన్న సర్కారు తుమ్మ వేళ్ళతో సహా పోవాలి. వేళ్ళు లోపల ఉంటే రెండేళ్ళకి కుళ్ళి గుల్ల అవుతుంది. ఆ తర్వాత పాత వాలును మెట్లుగా కోయాలి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ (మోర్త్) స్పెసిఫికేషన్ ప్రకారం ఒక్కో మెట్టు వెడల్పు కనీసం 300 మిల్లీమీటర్లు ఉండాలి. నా దృష్టిలో అది చాలదు. 10-12 టన్నుల సాయిల్ కాంపాక్టర్ డ్రమ్ము 2.1 మీటర్ల వెడల్పు ఉంటుంది. అది ఆడాలంటే రెండున్నర మీటర్ల చదును కావాలి. కట్ట పైభాగంలో కొత్త మట్టి వెడల్పు అంత రాకపోతే పాత కట్టలోకి ఇంకాస్త కోసి ఆ చదును తయారుచేసుకోవాలి. కోసిన మట్టి వృథా ఏమీ కాదు, పరీక్షలో నిలిస్తే మళ్ళీ అక్కడే వాడొచ్చు.

ఇక్కడ జరిగే మోసం అందరికీ తెలిసిందే. టిప్పరును రోడ్డు అంచున నిలబెట్టి మట్టిని వాలు మీదికి జారవిడుస్తారు. పైన గ్రేడరు ఒకసారి తిప్పితే చూడ్డానికి చదునుగా ఉంటుంది. లోపల మూడు మీటర్ల ఎత్తున రోలరు తగలని మట్టి. మొదటి వానాకాలానికే తారు మీద రోడ్డు పొడవునా దారం గీసినట్టు ఒక చీలిక పడుతుంది. రెండో ఏడాదికి ఆ చీలిక పక్కన కొత్త వరుస అంగుళం దిగుతుంది. కింది నుంచి పొరలు పొరలుగా, దిమ్మిస చేశాక 200 మిల్లీమీటర్లకి మించకుండా రావాలి. కట్టలో గరిష్ఠ సాంద్రతలో 95 శాతం, పైన 500 మిల్లీమీటర్ల సబ్‌గ్రేడులో 97 శాతం. అంచు దగ్గర రోలరు సరిగా నొక్కలేదు కాబట్టి కట్టను అర మీటరు ఎక్కువ వెడల్పుతో కట్టి చివర్లో కోసేయాలి. సాంద్రత చూసే ఇసుక గుంటను పొర మధ్యలో తీయడం అందరికీ అలవాటు. అతుకు నుంచి అడుగు దూరంలో తీసి చూడండి, నిజం అక్కడే ఉంటుంది.

నల్లరేగడి సంగతి వేరే చెప్పాలి. ఎంత ఉబ్బుతుందో చెప్పే ఫ్రీ స్వెల్ ఇండెక్స్ 50 శాతం దాటిన మట్టి కట్టలోకి పనికిరాదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. దాన్ని తీసేసి కొండల క్వారీల నుంచి గ్రావెల్ తెచ్చి పోస్తాం. గ్రావెల్ అన్నదల్లా మంచిది కాదు. ఒకే క్వారీలో పై పది అడుగులు ఒక రకం, కింద మరో రకం. టిప్పర్ల రంగు మారిందంటే మళ్ళీ శాంపిల్ తీసి ప్రొక్టర్ (సాంద్రత), సీబీఆర్ (బలం) పరీక్షలు చేయించాల్సిందే. పాత కట్ట కింద నల్లరేగడి అలాగే ఉండి, పక్కన మనం గ్రావెల్ పోస్తే రెండూ ఒకలా కదలవు. ఎత్తు కట్టల దగ్గర సబ్‌గ్రేడు కింద అతుకు మీదుగా అటు రెండు మీటర్లు, ఇటు రెండు మీటర్లు జియోగ్రిడ్ (గట్టి ప్లాస్టిక్ వల) పరిస్తే ఆ తేడా ఒకే గీత మీద పడకుండా పంచుకుంటుంది. చీలిక పూర్తిగా ఆగుతుందని చెప్పను. ఆలస్యంగా, సన్నగా వస్తుంది.

మట్టి కంటే ఎక్కువ రోడ్లను చంపేది నీటి అతుకు. రోడ్డు పొరల్లో అన్నిటికన్నా కింద ఉండే కంకర పొర జీఎస్‌బీ పని భారం మోయడం ఒక్కటే కాదు, లోపలికి దిగిన నీటిని బయటికి పంపడం కూడా. అందుకే దాన్ని కట్ట వాలు దాకా తీసుకెళ్ళి అక్కడ తెరిచి ఉంచుతారు. పాత రోడ్డు జీఎస్‌బీ అలా పాత వాలులో తెరుచుకుని ఉంటుంది. మనం పక్కన కొత్త కట్ట కట్టగానే దాని నోరు మూసేసినట్టు. మన కొత్త జీఎస్‌బీ సరిగ్గా అదే మట్టంలో, లేదా దానికంటే కాస్త కిందగా కలిస్తేనే నీటికి దారి ఉంటుంది.

ఇది డ్రాయింగులో తేలిక. సైటులో తప్పు ఇలా జరుగుతుంది. పాత రోడ్డు మీద ఇన్నేళ్ళలో రెండుసార్లు పైపొర వేసి ఉంటారు, అంటే పైమట్టం ఒక 90 మిల్లీమీటర్లు పెరిగి ఉంటుంది. కొత్త వరుస పైమట్టాన్ని దానికి కలిపి, అక్కడి నుంచి డిజైను మందాలు కిందికి లెక్కేసుకుంటూ పోతే కొత్త జీఎస్‌బీ పాతదానికంటే పైన కూర్చుంటుంది. పాత జీఎస్‌బీకి ఎదురుగా దిమ్మిస చేసిన సబ్‌గ్రేడు గోడలా నిలబడుతుంది. వాన నీరు పాత రోడ్డు కింద చెరువు కడుతుంది. పైన తారు ఎంత మందం వేసినా ఆగదు, పాత వరుసలో గుంతలు మొదలవుతాయి. ‘కొత్త వరుస బాగానే ఉంది, పాతదే పాడైంది’ అని అందరూ పాతదాన్ని తిడతారు. అందుకే ప్రతి 500 మీటర్లకూ పాత రోడ్డు అంచున మీటరు పొడవు, మీటరు వెడల్పు గుంట తీసి ఒక్కో పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో టేపు పెట్టి రాసుకోవాలి. కొత్త పొరల మట్టాలు కింది నుంచి పైకి లెక్కేయాలి. పైన తేడా వస్తే దాన్ని జీఎస్‌బీ పైన వచ్చే కంకర పొర డబ్ల్యూఎంఎం మందంలో సర్దుకోవచ్చు, జీఎస్‌బీ మట్టంతో మాత్రం ఆడుకోకూడదు. జీఎస్‌బీలో దుమ్ము కూడా చూడాలి. 75 మైక్రాన్ల జల్లెడ కింద రాలేది ఎక్కువైతే అది నీరు వదిలే పొర కాదు, బురద పట్టే పొర.

వాహనాలు నడుస్తుండగా ఈ తవ్వకం ఎలా అన్నదే భయపెట్టే భాగం. సబ్‌గ్రేడు 500, జీఎస్‌బీ 200, డబ్ల్యూఎంఎం 250, తారు 150 మిల్లీమీటర్లనుకుంటే నడుస్తున్న రోడ్డు పక్కన 1.1 మీటర్ల గొయ్యి. రాత్రి పూట ఆర్టీసీ బస్సు ఎడమ చక్రం అందులో దిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వారంలో జీఎస్‌బీ మట్టం దాకా నింపగలిగినంత పొడవే తెరవాలి. రెండు రోలర్లు, ఒక గ్రేడరు ఉన్న బృందానికి అది 300 నుంచి 500 మీటర్లు, అంతకు మించి కాదు. ఒకే చైనేజీలో, అంటే రోడ్డు పొడవులో ఒకే చోట, ఎడమ వైపు, కుడి వైపు రెండూ తెరవకూడదు. గొయ్యి నుంచి ప్రతి 25 మీటర్లకూ బయటికి కాలవ కోసి ఉంచాలి. లేకపోతే ఒక్క రాత్రి వానకి అది కాలవగా మారి, పాత రోడ్డు అంచు నుంచి కంకర కారిపోయి, తారు గాలిలో వేలాడుతుంది.

ఐఆర్‌సీ ఎస్పీ 55 పని చోటును నాలుగు భాగాలు చేస్తుంది: ముందస్తు హెచ్చరిక, మళ్ళింపు, పని చోటు, ముగింపు. పుస్తకం బాగుంది, నేల మీద రెండు చోట్ల దెబ్బతింటుంది. గంటకి 80 కిలోమీటర్లంటే సెకనుకి 22 మీటర్లు. వంద మీటర్ల ముందు పెట్టిన బోర్డు డ్రైవరుకి నాలుగున్నర సెకన్లు ఇస్తుంది, లోడు లారీకి అది చాలదు. మొదటి బోర్డు కిలోమీటరు ముందు, తర్వాత 500, 200 మీటర్ల దగ్గర ఉండాలి. పని ముందుకి జరిగినప్పుడు బోర్డులూ జరగాలి. గత నెల పని చోటు దగ్గర మిగిలిపోయిన ‘పని జరుగుచున్నది’ బోర్డు అసలు బోర్డు లేకపోవడం కంటే చెడ్డది, డ్రైవరు తర్వాతి బోర్డును నమ్మడు. రెండోది బండరాళ్ళు. కోన్లు ఎత్తుకుపోతున్నారని రాళ్ళకి సున్నం కొట్టి వరసగా పేర్చడం మన దగ్గర ఆనవాయితీ. తారు డ్రమ్ముల్లో ఇసుక నింపి పెట్టేవాళ్ళూ ఉన్నారు. గొయ్యిలో పడితే బతికే బైకువాడు రాయికి కొట్టుకుంటే బతకడు. గొయ్యి లోతున్నచోట ఒకదానికొకటి తగిలించిన కాంక్రీటు బారియర్లు, లోతు లేనిచోట ప్లాస్టిక్ డ్రమ్ములు, మెరిసే షీటు, బ్లింకర్లు ఉండాలి. బ్లింకరు బ్యాటరీ సాయంత్రం ఐదింటికి చూసే మనిషి పేరు రిజిస్టరులో ఉండాలి. ఎవరి పేరూ లేకపోతే ఎవరూ చూడరు.

కొత్త పట్టీ డీబీఎం (కింది తారు పొర) దాకా రాగానే దాని మీద ధాన్యం, మొక్కజొన్న, మిరపకాయలు ఆరబోస్తారు. నల్లగా, వెచ్చగా, దుమ్ము లేకుండా ఉంటుంది మరి, రైతుని అనుకుని లాభం లేదు. కానీ చుట్టూ రాళ్ళు పెడతారు, రాత్రి ఆ రాళ్ళు అక్కడే ఉంటాయి. మూసి ఉన్న వరుసైనా కుప్పలు మొదలయ్యే ముందే పంచాయతీకి చెప్పి పక్కన చదును చేసిన స్థలం చూపిస్తే సగం గొడవ తగ్గుతుంది.

తారు అతుకు. డబ్ల్యూఎంఎం మీద ప్రైమ్ కోటు చదరపు మీటరుకి 0.7 నుంచి 1 కిలో, తారు పొరల మధ్య ట్యాక్ కోటు 0.2 నుంచి 0.3 కిలో. 4 మీటర్ల పట్టీ కిలోమీటరు పొడవుకి 50 మిల్లీమీటర్ల పొర అంటే 200 ఘనపు మీటర్లు, బరువులో సుమారు 480 టన్నులు, అంటే ఇరవై టిప్పర్ల పని. వీజీ-40 రకం తారు వాడితే పేవరు (తారు పరిచే మిషన్) దగ్గరికి వచ్చేసరికి కనీసం 150 డిగ్రీలు, రోలింగు పూర్తయ్యేసరికి 100 డిగ్రీలు తగ్గకూడదు. వీజీ-30కి అవే 140, 90. ప్లాంటు నుంచి సైటుకి గంటన్నర పట్టే రోజుల్లో, పైగా ట్రాఫిక్‌లో టిప్పరు ఇరుక్కుంటే, టార్పాలిన్ కప్పి ఉన్నా పైన గట్టి పెచ్చు కడుతుంది. థర్మామీటరు టిప్పరు పక్కన గుచ్చి చూడాలి, పైన కాదు. తగ్గితే వెనక్కి పంపాలి. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

పాత తారు అంచు ఎప్పుడూ గుండ్రంగా అరిగి, పక్కన మట్టి పట్టి ఉంటుంది. దానికే కొత్త తారు ఆనిస్తే అతకదు. కట్టర్‌తో 150 నుంచి 200 మిల్లీమీటర్లు లోపలికి, నిలువుగా కోసి, ఊడ్చి, ఆ నిలువు ముఖానికి వేడి తారు పూయాలి. పేవరు కొత్త మిశ్రమాన్ని పాతదాని మీదికి అంగుళం, అంగుళంన్నర ఎక్కించి వేయాలి. కూలీలు ఆ ఎక్కిన దాన్ని పారతో రోడ్డంతా చల్లుతారు, అది మాన్పించాలి. దాన్ని అతుకు మీదికే వెనక్కి నెట్టి కుప్పగా నిలపాలి, రోలరు నొక్కితే సందులోకి దిగేది అదే. మొదటి రోలింగు వేడి వైపు నుంచి, అతుకుకి ఆరంగుళాలు వదిలి. రెండో దఫాలో ఆ ఆరంగుళాలు నొక్కితే మిశ్రమం పక్కకి జారకుండా పాతదానికి అదుముకుంటుంది.

ఒక పొర అతుకు మీద మరో పొర అతుకు రాకూడదు, కనీసం 300 మిల్లీమీటర్లు జరగాలి. పై పొర బీసీలో అతుకు సరిగ్గా వరుసల మధ్య తెల్ల గీత కింద రావాలి. చక్రం దారిలో పడిందా, రెండేళ్ళలో అక్కడ కంకర లేచిపోతుంది. వీలైనచోట పాత, కొత్త వరుసలన్నిటి మీదా బీసీని చివర్లో ఒకేసారి, రెండు పేవర్లు ఒకదాని వెనక ఒకటి నడిపి వేయడం మంచిది. అప్పుడు అతుకు వేడివేడిగా కలుస్తుంది. దానికి ఆ వైపు ట్రాఫిక్ మొత్తం రెండో వైపుకి మళ్ళించాలి, పోలీసుల అనుమతి కావాలి, అందుకే చాలామంది చేయరు. దాన్ని తప్పించుకునేవాళ్ళు కనీసం అతుకు మీదే కోర్ (గుండ్రంగా కోసి తీసే తారు ముక్క) తీసి చూడాలి. రోడ్డు మధ్యలో తీసిన కోర్ ఎప్పుడూ పాసవుతుంది.

కల్వర్టులు చిన్నవే, కానీ క్యాలెండరును శాసించేవి అవే. సాగర్ కుడి కాలవ పిల్ల కాలవలైనా, కృష్ణా డెల్టా కాలవలైనా నీళ్ళు ఆపే ఎండాకాలంలోనే ముట్టుకోవాలి. ఖరీఫ్‌కి నీళ్ళు వదిలేలోపు స్లాబు పడకపోతే ఏడాది పోయినట్టే. పైపు కల్వర్టు పొడిగించేటప్పుడు పాత పైపులో పూడిక ముందు తీయించి, దాని అసలు అడుగు మట్టం చూసుకోవాలి. పూడిక మీద మట్టం కొలిచి కొత్త పైపు పెడితే నీరు ఎదురెక్కుతుంది.

వంతెనల్లో వీలైతే పాతదాన్ని ముట్టుకోకుండా పక్కన వేరే వంతెన కట్టడమే నా ఓటు. స్థలం లేక పాత స్లాబుకే కొత్తది కలపాల్సి వస్తే తొందర పనికిరాదు. పాత కాంక్రీటు కుంచించుకోవడం ఎప్పుడో పూర్తయింది, కొత్తది ఇంకా కుంచించుకుంటోంది. వెంటనే కలిపేస్తే కొత్త స్లాబు లాగుతుంది, పాతది రానివ్వదు, చీలికలు వస్తాయి. కొత్త గర్డర్లు, స్లాబు వేసి, మధ్యలో ఒక పట్టీ ఖాళీ వదిలి, కొన్ని వారాలు ఆగి ఆ పట్టీ పోయాలి. పాత అంచును పెద్ద బ్రేకరుతో కొడితే మిగిలిన స్లాబులో కనపడని చీలికలు పడతాయి. చిన్న చిప్పింగ్ మిషన్‌తో కొట్టి, కమ్మీలు ల్యాపుకి సరిపడా బయటికి తీయాలి. పట్టీ పోసిన రాత్రి ట్రాఫిక్‌ను అవతలి వరుసకి తోసి వేగం 20కి తగ్గించాలి, లేకపోతే ప్రతి లారీకీ పాత స్లాబు ఊగి, గట్టిపడుతున్న కాంక్రీటులో కమ్మీ చుట్టూ సందు చేస్తుంది.

భద్రత సంగతి. వెడల్పైన రోడ్డు మీద వేగం పెరుగుతుంది, దాటాల్సిన దూరమూ పెరుగుతుంది. ఊరి దగ్గర డివైడర్ సందు మూసేసి, రెండు కిలోమీటర్ల అవతల యూ టర్న్ చూపిస్తే పొలానికి పోయేవాడు అంత దూరం చుట్టూ తిరిగి రాడు, రాంగ్ రూట్‌లో వస్తాడు. లేదా రాత్రికి రాత్రే క్రాష్ బారియర్ బోల్టులు విప్పేస్తారు. పశువులకీ మనుషులకీ 7 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున అండర్‌పాస్ సరిపోతుందని చెప్పేవారు. గడ్డి మోపు వేసిన ట్రాక్టరు ఆ ఎత్తులో పట్టదు, ఆ ఒక్క కారణంతో అది వృథా అయిన ఊళ్ళున్నాయి. అంతకంటే పెద్ద లోపం నీరు. నల్లరేగడి చదును నేలలో అండర్‌పాస్ దారి పక్క పొలం కంటే కిందికి పోతే వానాకాలమంతా అందులో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. నీరు పోయే మురుగు కాలవ ముందు దొరకాలి, ఆ తర్వాతే అండర్‌పాస్ మట్టం తేల్చాలి.

క్రాష్ బారియర్‌లో రెండు చోట్ల పొరపాటు మామూలు. రోడ్డు మట్టం పైపొరతో పెరిగినా పాత బారియర్‌ను అలాగే ఉంచేస్తారు. అప్పుడు రేకు ఎత్తు తగ్గి, కారును ఆపాల్సింది దొర్లిస్తుంది. పోస్టులు ఎత్తి మళ్ళీ బిగించాలి. రెండోది, వాహనాలకి ఎదురుగా ఉన్న కొసను మొండిగా వదిలేయడం. అది గుద్దుకున్న కారులోకి ఈటెలా దిగుతుంది. కొసను బయటికి వంచి నేలలోకి దించాలి, లేదా దానికంటూ తయారైన టెర్మినల్ పెట్టాలి. గీతలు థర్మోప్లాస్టిక్ 2.5 మిల్లీమీటర్ల మందం, పైన చదరపు మీటరుకి 250 గ్రాముల గాజు పూసలు. మిషన్ డబ్బాలో పూసలు అయిపోయినా గీత తెల్లగానే కనిపిస్తుంది, తేడా వాన రాత్రి తెలుస్తుంది. కాబట్టి రాత్రి పూట హెడ్‌లైట్లతో చూశాకే బిల్లు రాయాలి.

రద్దీ తగ్గుతుందా అంటే, మూడో వరుస వాడకాన్ని బట్టి. మన దగ్గర లోడు లారీ డివైడర్ పక్క వరుసలోనే పోతుంది. డ్రైవరు చెప్పే కారణం సబబైనదే: ఎడమ వరుసలో ఆగిన లారీ, ఎదురొచ్చే బైకు, ఆటో ఎక్కే జనం. అంటే కొత్తగా వేసిన ఎడమ వరుస పార్కింగుగా మారి, ఆరు వరుసల ఖర్చుకి నాలుగు వరుసల రోడ్డు దక్కుతుంది. సర్వీసు రోడ్డు తెగకుండా ఉండటం, బస్సు బే, లారీలు ఆగే స్థలం, ఇవి మూడో వరుసతో పాటే పూర్తికావాలి. బడ్జెట్ తగ్గిందని మొదట కోసేవి మాత్రం ఇవే. వరుసలు పెంచినంత మాత్రాన రద్దీ పోదనడానికి మన వాళ్ళు చాలామంది తిరిగే హ్యూస్టన్ కేటీ ఫ్రీవే ఉంది. సుమారు 280 కోట్ల డాలర్లతో 2008లో విస్తరణ పూర్తయింది, సర్వీసు రోడ్లు కలిపితే కొన్నిచోట్ల 26 వరుసలు. కొన్నేళ్ళకే రద్దీ వేళ ప్రయాణ సమయం మళ్ళీ పెరిగింది. ఊళ్ళు బయటికి పెరిగాయి, కార్లూ వాటి వెంటే వచ్చాయి. మన రోడ్ల పరిస్థితి అంత దూరం రాలేదు, ముందు ఉన్న వరుసలు వాడుకోగలిగితే చాలు.

రోడ్డు తెరిచాక మొదటి వానాకాలం అసలు పరీక్ష. కారులో తిరిగి చూస్తే ఏమీ కనపడదు, అతుకు వెంట నడవాలి. దారం లాంటి చీలిక ఉంటే గాలితో శుభ్రం చేసి రబ్బరు కలిపిన వేడి సీలెంటు పోస్తే ఆగుతుంది. చీలికకి అటూ ఇటూ మట్టం తేడా వేలికి తగులుతుంటే కింద మట్టి దిగుతోందని అర్థం, పైన పోసి లాభం లేదు. అక్కడ మూడు నెలలకోసారి మట్టం కొలిచి, దిగడం ఆగాక మిల్లింగ్ చేసి మళ్ళీ వేయాలి. చివరగా వాలు దిగి జీఎస్‌బీ అంచు చూడాలి. బెర్మ్ మట్టి జారి దాన్ని కప్పేసి ఉంటే పారతో తెరిపించాలి. వాన వెలిసిన మర్నాడు కూడా ఆ అంచు తడిగా ఉండి బొట్లు రాలుస్తుంటే, ఆ కిలోమీటరు వదిలి తర్వాతదానికి పోవచ్చు.